మడత ఫోనా... మడతపేచీయా?

టికిరి సంత రోజు. ఒకపక్క అల్లం, పసుపు, చింతపండు బేరాలు. ఇంకోపక్క ఉల్లిపాయల లారీ హారన్ మోత. ఆ గోలలో స్టేషన్ రోడ్డు టీ కొట్టు దగ్గర పదిమంది గుమికూడారు. ఏటో గొడవనుకుని వెళ్లాను. గొడవ కాదు. ప్లాంటు పనుల్లో చిన్న చిన్న సబ్ కాంట్రాక్టులు చేసే బొబ్బిలి కుర్రాడొకడు ఫోన్‌ని పుస్తకంలా తెరిచి చూపిస్తున్నాడు. తీస్తున్నాడు, మూస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తిరనాళ్లలో గారడీ చూసినట్టు చూస్తున్నారు.

"ఎంతయ్యింది బావూ?" అని అడిగాడు పకోడీలు వేస్తున్న పెద్దాయన.

"లక్షా డెబ్బై అయిదు వేలు మావయ్యా. వాయిదాల్లో తీసీసినాను."

పెద్దాయన చేతిలో చట్రం ఆగిపోయింది. "అంత డబ్బెట్టి కొన్నది మడతెట్టడానికేటి? మడతెట్టుకోడానికి నా భుజం మీద తువ్వాలుంది కాదేటి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. మడత ఫోన్ నిజంగా పనికొచ్చే వస్తువా? లేక ఉన్నవాడి సోకా? విశాఖలోనో భువనేశ్వర్‌లోనో అడిగితే ఒక జవాబు వస్తుంది. ఎర్రదుమ్ము, ముసురు వాన, రెండు భాషలు, పేరుకో సర్వీస్ సెంటరు కూడా లేని మన సరిహద్దులో అడిగితే జవాబు వేరు. ఆ వేరు జవాబే ఇక్కడ చెప్పదలిచాను.

రెండు సిమ్ములకీ ఇలాగే నవ్వారు

కొత్త వస్తువును చూసి నవ్వడం తేలిక. కానీ మన నవ్వు ఒకసారి మనకే ఎదురు తిరిగిన సంగతి మరవకూడదు.

సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో పార్వతీపురంలో రైలెక్కి రాయగడ వస్తుంటే కూనేరు దాటగానే జేబులో ఫోన్ టింగుమనేది. ఒడిశాకి స్వాగతమని మెసేజ్! స్వాగతం వెనకే రోమింగ్ బాదుడు. మనం ఫోన్ చేస్తే సరే, అటువాళ్లు మనకి చేసినా డబ్బులు మనకే కట్. దాంతో అత్తవారు సాలూరులో, కొట్టు టికిరిలో ఉన్నవాడు రెండు సెట్లు మోసుకు తిరిగేవాడు. ఒకదాంట్లో ఆంధ్రా సిమ్ము, ఇంకోదాంట్లో ఒడిశా సిమ్ము.

అప్పుడే చైనా సెట్లు దిగాయి, ఒకే ఫోన్లో రెండు సిమ్ములతో. పట్నంలో పెద్ద కంపెనీల సెట్లు పట్టుకున్నవాళ్లు వెక్కిరించారు. నోకియా లాంటి కంపెనీ కూడా 2010-11 ప్రాంతంలో గానీ ఆ దారికి రాలేదు. మనకి మాత్రం అది వేషం కాదు, రోజూ మిగిలే రూపాయి. 2015 జూన్‌లో బీఎస్ఎన్ఎల్ దేశమంతా రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. 2016లో జియో వచ్చాక రోమింగ్ అన్న మాటే మరుగున పడింది. ఈలోగా రెండు సిమ్ముల ఫోన్ దేశమంతటికీ మామూలైపోయింది.

2011లో శామ్‌సంగ్ 5.3 అంగుళాల తెరతో గెలాక్సీ నోట్ తెచ్చినప్పుడూ ఇదే తంతు. ఇది ఫోనా, పలకా అని ఎకసెక్కాలు. ఈరోజు అంతకంటే చిన్న తెర ఫోన్ కొట్టులో అడిగితే కొట్టువాడు మనకేసి వింతగా చూస్తాడు.

అలాగని ప్రతి వింతా నిలబడలేదు. 2011లో కళ్లద్దాలు లేకుండా త్రీడీ కనిపించే ఫోన్లు వచ్చాయి. 2020లో ఎల్‌జీ కంపెనీ తెర అడ్డంగా తిరిగే వింగ్ అనే ఫోన్ తెచ్చింది. త్రీడీ ఫోన్లు ఎక్కడున్నాయో తెలీదు. ఎల్‌జీ ఏకంగా 2021లో ఫోన్ల వ్యాపారమే మూసేసింది. కాబట్టి వస్తువు వింతగా ఉందా లేదా అన్నది కొలబద్ద కాదు. ఎవరి అక్కర తీరుస్తోంది, ఎన్నాళ్లు తీరుస్తుంది, పాడైతే ఎవడు బాగుచేస్తాడు? ఈ మూడూ అడగాలి.

అప్పటి మడత వేరు, ఇప్పటి మడత వేరు

మడత ఫోన్ మనకి కొత్తేం కాదు. 1996లో మోటరోలా స్టార్‌టాక్, 2004లో రేజర్ వీ3 వచ్చాయి. టక్కున మూస్తే కాల్ కట్. ఆ మడతలో ఒక న్యాయముంది. మీటలున్న పలక ఒకటి, తెర ఉన్న పలక ఒకటి, మధ్యలో మడతబందు. మూస్తే తెరా, మీటలూ రెండూ లోపల భద్రం. అంటే మడత ఫోన్‌ని కాపాడేది.

ఇప్పటి ఫోన్లో మడిచేది తెరనే. అందుకే కథ తిరగబడింది. మడతను ఫోన్ కాపాడాల్సి వస్తోంది.

గాజు వంగదు కదా, మరి ఇదెలా వంగుతోంది? 2018 చివర్లో రొయోల్ అనే చైనా కంపెనీ ఫ్లెక్స్‌పాయ్ పేరిట మొదటి మడత తెర ఫోన్ అమ్మకానికి పెట్టింది. దాని తెర ప్లాస్టిక్. 2019 మొదట్లో శామ్‌సంగ్ గెలాక్సీ ఫోల్డ్‌ని ఆర్భాటంగా ప్రకటించింది. ఏప్రిల్‌లో అమెరికా విలేఖరులకి చూడ్డానికిచ్చిన ఫోన్లు కొన్ని రోజుల్లోనే చెడిపోయాయి. పైనున్న పొరను స్క్రీన్‌గార్డ్ అనుకుని కొందరు పీకేశారు. ఒకటిరెండు ఫోన్లలో తెర కిందకి ఏదో రేణువు దూరి ఉబ్బింది. కంపెనీ అమ్మకాలు ఆపి, సరిచేసి, సెప్టెంబర్‌లో మళ్లీ తెచ్చింది. మన దేశంలో అక్టోబర్‌లో పెట్టిన ధర 1,64,999 రూపాయలు.

2020లో వచ్చిన జెడ్ ఫ్లిప్‌తో పల్చటి గాజు పొర మొదలైంది. దాని మందం 30 మైక్రాన్లు. మన తల వెంట్రుకలో సగం కూడా కాదు. అంత పల్చన చేస్తేనే గాజు కూడా కాగితంలా వంగుతుంది. దాని మీద మళ్లీ ప్లాస్టిక్ పొర. ఇది నిజంగా గొప్ప పనితనం, కాదనలేం. 2025 జూలైలో వచ్చిన జెడ్ ఫోల్డ్ 7 తెరిస్తే మందం 4.2 మిల్లీమీటర్లు. దాని తెరను అయిదు లక్షలసార్లు మడిచి పరీక్షించామని కంపెనీ చెప్పుకుంది. రోజుకి వందసార్లు తీసి మూసినా పదమూడేళ్లకి పైమాటే!

మరి భయమేటి? ఆ అయిదు లక్షల మడతలూ పరీక్షశాలలో మడిచారు. టికిరి రోడ్డు మీద కాదు.

దుమ్ముకి అంకెలుంటాయి

ఫోన్ డబ్బా మీద ఐపీ అని రెండంకెలుంటాయి. చాలామంది చూడరు, చూసినా పట్టించుకోరు. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. దుమ్ముకి ఎక్కువలో ఎక్కువ 6. నీళ్లకి 8 ఉంటే మామూలుగా ఒకటిన్నర మీటర్ల లోతు మంచినీళ్లలో అరగంట తట్టుకుంటుందని లెక్క.

2021లో మడత ఫోన్లకి తొలిసారి ఐపీఎక్స్8 వచ్చింది. ఆ 'ఎక్స్' అంటే దుమ్ము మాట మమ్మల్నడక్కండి అని అర్థం! 2024లో ఐపీ48 వచ్చింది. ఈ 4 చూసి సంబరపడకండి. ఒక మిల్లీమీటరు కన్నా పెద్దవి లోపలికి పోవు అని మాత్రమే దానర్థం. గులకరాయి పోదు, మన రోడ్ల మీద లేచే ఎర్రదుమ్ము నిక్షేపంగా పోతుంది. లారీ పక్కనుంచి పోతే కనుబొమ్మల మీద, సైకిల్ చైను మీద, ఇంట్లో గట్టుమీద ఉప్పు డబ్బాలో కూడా పేరుకునే దుమ్ము అది. మడతబందులోకి పోకుండా ఉంటుందా?

నిజం చెప్పాలంటే దారి కనిపిస్తోంది. 2025లో గూగుల్ తెచ్చిన పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌కి ఐపీ68 ఇచ్చారు. దుమ్ముకి పూర్తి మార్కులన్నమాట. అంటే చెయ్యలేనిది కాదు, చెయ్యొచ్చు. అప్పుడు పెట్టిన ధర మాత్రం 1,72,999 రూపాయలు.

నాకూ ఆశ పుట్టింది

ఆ బొబ్బిలి కుర్రాడు ఓసారి ఫోన్ నా చేతికిచ్చి "చూడండి మాస్టారూ" అన్నాడు. అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది.

నా పని చూడండి. కలెక్టరాఫీసు నుంచి ప్రకటన ఒడియాలో వస్తుంది. నేను రాయాల్సింది తెలుగులో. మామూలు ఫోన్లో ఒడియా కాగితం ఒకసారి చూడాలి, వెనక్కెళ్లి రెండు లైన్లు తెలుగులో కొట్టాలి, మళ్లీ అటెళ్లాలి. మధ్యలో అంకె మర్చిపోతే మళ్లీ మొదటికి. మడత ఫోన్ తెరిస్తే ఎడమపక్క ఒడియా, కుడిపక్క తెలుగు. రెండు భాషలు పక్కపక్కనే కూర్చున్నాయి, మన వీధిలో ఇళ్లలాగే. పావుగంటలో అయిపోయే పని!

ఇది నా ఒక్కడి అక్కర కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగం విశాఖపట్నం జిల్లాలోదే. గీత మారింది గానీ మనుషులు మారలేదు. ఇళ్లల్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మన పెద్దవాళ్లు ఎంతమందో ఒడియా గడగడా మాట్లాడతారు, అక్షరం మాత్రం చదవలేరు. భూలేఖ్‌లో పట్టా తీస్తే అదంతా ఒడియాలోనే, గళ్లుగళ్లుగా. ఖాతా నంబరేది, ప్లాట్ నంబరేది, కిసం అంటే ఏటి? చిన్న తెర మీద వేలితో పెద్దది చేసి, పక్కకి జరిపి, వరస తప్పి, పక్కవాడి ప్లాట్ తనదనుకున్నవాళ్లని నేనే చూశాను. గూగుల్ అనువాదంలోకి ఒడియా వచ్చిందే 2020 ఫిబ్రవరిలో. ఇలాంటి వాళ్లకి వెడల్పు తెర, పక్కపక్కన రెండు పేజీలు సోకు కాదు. భూమి కాగితం అర్థమవడం. రెండు సిమ్ములు ఎవరికి అక్కరైందో, రెండు పేజీల తెర కూడా వాళ్లకే అక్కర.

కాబట్టి మడత ఫోన్ ఊరికే గారడీ అంటే నేనొప్పుకోను. పేచీ ఎక్కడంటే, అక్కర ఉన్నవాడికి అది అందదు. అందినవాడికి అక్కర లేదు.

లెక్క వేద్దాం రండి

2019లో మొదటి ఫోల్డ్ 1,64,999. ఆరేళ్ల తర్వాత 2025లో వచ్చిన ఏడో ఫోల్డ్ 1,74,999. టీవీ, కంప్యూటర్, మామూలు ఫోన్... ఏదైనా పాతబడేకొద్దీ ధర దిగుతుంది. ఈ పుస్తకం ఫోన్ ఎక్కింది. డబ్బీలా అడ్డంగా మడిచే రకం కొంత దిగింది. 2023లో టెక్నో కంపెనీ 49,999కి ఒకటి పెట్టింది. కానీ ఆ రకం తెరిస్తే వచ్చేది మామూలు ఫోన్ అంత తెరే. జేబులో చోటు మిగులుతుంది తప్ప పట్టా చదవడానికి అదనంగా ఒరిగేదేం లేదు.

2025-26లో ఒడిశాలో ఉపాధి హామీ కూలి రోజుకి 273 రూపాయలు. 1,74,999ని దాంతో భాగిస్తే 641 రోజులు. ఏడాదికి వంద రోజుల పని లెక్కన ఆరేళ్లకి పైగా తట్ట మోస్తే ఒక ఫోన్. కూలివాడు అది కొనడు, నిజమే. కానీ అదే ఊళ్లో తిరిగే కుర్రాడు కొంటున్నాడు, వాయిదాల్లో. "వడ్డీ లేదండీ" అంటారు. వడ్డీ లేకపోవచ్చు, వాయిదా ఉంది కదా! బిల్లు రాని నెల కూడా అది తప్పదు.

ప్రపంచం మొత్తంలో అమ్ముడయ్యే ఫోన్లలో మడతవి నూటికి రెండు కూడా లేవు. ఈలోగా మూడు పలకల ఫోన్లు కూడా వచ్చేశాయి. 2024 సెప్టెంబర్‌లో చైనాలో హువావే, 2025 డిసెంబర్‌లో కొరియాలో శామ్‌సంగ్ తెచ్చాయి. ఒక మడతకే దిక్కు లేదు మనకి, రెండో మడత!

పంతొమ్మిది రోజులు

ధర సంగతి అలా ఉంచండి. అసలు కథ పాడయ్యాక మొదలవుతుంది.

ఇంకో కుర్రాడి సంగతి చెప్తాను. పేరు అక్కర్లేదు, కంపెనీ పేరూ అక్కర్లేదు. ఇతనూ పదిమంది కూలీల్ని పెట్టుకుని పనులు చేయించేవాడే. కిందటేడాది మడత ఫోన్ కొన్నాడు. ముసురు పట్టిన రోజుల్లో తెర మధ్యలో నల్లటి గీత పడింది. రెండు రోజుల్లో సగం తెర చీకటి. టికిరిలో ఫోన్లు బాగుచేసే అన్నయ్య ముట్టుకోలేదు. "బావా, ఇది ఇప్పితే నాదీ బాధ్యత, నీదీ నష్టం" అన్నాడు. అది నిజాయితీ. సరిహద్దు దాటి పట్నం తీసుకెళ్తే అక్కడ 'నీళ్లు పోయాయి, వారంటీ రాదు' అన్నారు. తెర మార్చడానికి చెప్పిన మొత్తంతో మంచి మామూలు ఫోనే వచ్చేస్తుంది. ఆ తెర కూడా తెప్పించాలట. పంతొమ్మిది రోజులు పట్టింది.

ఆ పంతొమ్మిది రోజులూ ఏమైంది? సిమ్ము తీసి పాత ఫోన్లో వేసుకున్నాడు, మాటలు నడిచాయి. కానీ కూలీల హాజరు, ఎవరికెంత అడ్వాన్సు ఇచ్చాడు, చేసిన పని కొలతల ఫొటోలు... అన్నీ ఆ చీకటి తెర వెనకే ఉండిపోయాయి. కొలతలు లేకపోతే బిల్లు లేదు. బిల్లు లేకపోతే కూలి లేదు. లక్ష్మీపూర్ వైపు నుంచి పనికొచ్చే కుటుంబాలు రెండు వారాలు సంతకి వట్టి చేతులతో వచ్చాయి. ఉప్పు, కిరసనాయిలు, పిల్లాడి చెప్పులు అప్పు పెట్టాయి. ఫోన్ మడిచింది ఒకడు, నడుం మడిచింది ఇంకొకరు.

అది ఆ కుర్రాడి తప్పు కూడా. లెక్కలు ఇంకోచోట రాసుకోవాల్సింది. కానీ మామూలు ఫోన్ తెర పగిలి ఉంటే ఏమయ్యేది? టికిరిలోనో, రాయగడలోనో ఒక పూటలో మార్చుకుని పనిలోకి పోయేవాడు. మన ప్రాంతంలో ఫోన్ ధర అంటే కొన్న ధర ఒక్కటే కాదు. పాడైన రోజు మనం పోగొట్టుకునే రోజుల ధర కూడా.

కొనాలా, వద్దా?

నా మాట సూటిగా చెప్తాను. టికిరి, కాశీపూర్, లక్ష్మీపూర్ ప్రాంతాల్లో ఉంటూ బతుకుతెరువుకి ఒకే ఒక్క ఫోన్ మీద ఆధారపడినవాళ్లు ఇప్పుడున్న స్థితిలో మడత ఫోన్ కొనకూడదు. అప్పు చేసి అసలు కొనకూడదు. వస్తువు చెడ్డదని కాదు. దాన్ని నిలబెట్టే దన్ను ఇక్కడ లేదు కనుక.

రెండు పేజీలు పక్కపక్కన కావాలా? చవకలో దారులున్నాయి. 2016 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెరను రెండుగా చీల్చే సదుపాయముంది. పైన ఒడియా, కింద తెలుగు. ఇరుకే గానీ పని జరుగుతుంది. నేను రోజూ చేసేది అదే. ఇంకా వెడల్పు కావాలంటే పది పదిహేను వేలకి ట్యాబ్ వస్తుంది. అది ఇంట్లో ఉంటుంది, ఫోన్ జేబులో ఉంటుంది. ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుంది. చూపు మందగించిన పెద్దలకి పట్టా చదివిపెట్టడానికి ఇంతకు మించి ఏం కావాలి?

స్తోమత ఉండి, రెండో ఫోన్ కూడా ఉండి కొంటానంటే వద్దనడానికి నేనెవర్ని? అప్పుడైనా డబ్బా మీద మొదటి అంకె 6 ఉందా అని చూడండి. తెర మార్చడానికి ఎంతవుతుందో బిల్లు కట్టకముందే అడగండి. సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో రాయించుకోండి. లోపలి తెర మీదున్న పొరను స్క్రీన్‌గార్డ్ అనుకుని పీకకండి. ఇందులో అయస్కాంతాలుంటాయి. గుండెకి పేస్‌మేకర్ వేయించుకున్నవాళ్లు పైజేబులో పెట్టుకోకండి.

ఇక అడగాల్సినవాళ్లని అడగాల్సింది ఒకటుంది. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు కోసం పోర్టల్ తెరిచింది. ఏ వస్తువు ఎంత తేలిగ్గా బాగుచేసుకోవచ్చో మార్కులేసి చెప్పే సూచిక మీద నిపుణుల కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ఆ మార్కులు ఫోన్ డబ్బా మీద, ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో అచ్చు వెయ్యాలి. మన భాషలో వేస్తే ఇంకా మంచిది. జిల్లా కేంద్రంలో విడిభాగాలు దొరికే ఏర్పాటు చెయ్యకుండా ఆ జిల్లాలో వాయిదాల మీద లక్షన్నర ఫోన్ అమ్మడం ఏం న్యాయం? అమ్మడానికి టికిరి కనిపిస్తుంది గానీ బాగుచెయ్యడానికి కనిపించదా?

దుమ్ము ఆగే మడతబందు వచ్చింది. ధర దిగాలి. బాగుచేసేవాడు రాయగడ దాకా రావాలి. ఈ రెండూ జరిగిన రోజు నేనే మొదట కొంటాను. ఎడమపక్క ఒడియా, కుడిపక్క తెలుగు పెట్టుకుని, టీ కొట్టు మావయ్య పట్టా నేనే చదివి వినిపిస్తాను. అందాకా ఆయన తువ్వాలు మడతే మనకి మేలు. పడినా పగలదు, తడిసినా పిండి ఆరేసుకోవచ్చు.